రాణీ కుముదినీ దేవి గారి సంస్మరణ సభ జమా ఖర్చులు, విగ్రహం డబ్బు చెప్పులకు ఎందుకు మళ్ళించామన్న వివరణ

వనపర్తి వాళ్ళకు, వనపర్తి నుంచి వెళ్ళి ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళకు, చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కమిటీ తరఫున నమస్కారం. హైదరాబాద్ మొదటి మహిళా మేయర్, మన వనపర్తి మాజీ ఎమ్మెల్యే రాణీ కుముదినీ దేవి గారి పేరు మీద జనవరి 30న జరిగిన సభకు ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అనే పూర్తి లెక్క ఇది. సభ అయిన వెంటనే పెడదామనుకున్నాం కానీ కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం చేయించిన చెప్పుల బిల్లు తేలలేదు, చివరి జతలు మొన్ననే చేతికొచ్చాయి. ఈలోపు "విగ్రహం పేరు చెప్పి వసూలు చేసిండ్రు, ఇప్పుడు చెప్పులంటున్నరు" అని ఫోన్లలో ఒక మెసేజ్ బాగా తిరిగింది. దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

జమ

వనపర్తి పట్టణం నుంచి రూ. 1,12,500. పెబ్బేరు, కొత్తకోట, ఆత్మకూరు, ఖిల్లా ఘనపురం, పానగల్ వైపు గ్రామాల నుంచి రూ. 38,200. హైదరాబాద్‌లో ఉంటున్న మనవాళ్ళు ఫోన్‌పేలో వేసింది రూ. 64,000. విదేశాల్లో ఉన్నవాళ్ళు పంపింది రూ. 25,000. సభ రోజు పెట్టిన హుండీలో రూ. 3,860. మొత్తం రూ. 2,43,560.

ఇందులో ఇద్దరు దాతలు తమ డబ్బు వాపసు అడిగారు, రూ. 5,000, రూ. 5,116, రెండూ తిరిగి ఇచ్చేశాం, వాళ్ళ మీద మాకేం కోపం లేదు. అవి పోగా చేతిలో ఉన్నది రూ. 2,33,444.

పట్టణంలో వచ్చిన డబ్బులో సగానికి పైగా చిన్న మొత్తాలే. కూరగాయల మార్కెట్లో కూర్చునే అమ్మలు ఇరవై, యాభై ఇచ్చి రసీదు కూడా వద్దన్నారు, అయినా రాసే ఇచ్చాం. వాళ్ళకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాం.

ఖర్చు

టెంటు, కుర్చీలు, మైకు రూ. 21,500. ఫ్లెక్సీలు, కరపత్రాలు రూ. 8,400. ఫొటోలు పెద్దవి చేయించి ఫ్రేములు కట్టించడం రూ. 16,250. రాణీ గారి జీవితం మీద చిన్న పుస్తకం అచ్చు రూ. 12,000. శాలువాలు రూ. 2,850. భోజనాలు రూ. 34,700. ఊళ్ళ నుంచి వ్యాధిగ్రస్తులను తీసుకొచ్చి దింపిన ఆటోలు రూ. 9,600. రసీదు బుక్కులు, జిరాక్సులు, చిల్లర రూ. 1,180.

వీటిలో భోజనాల గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి ఒక మాట. అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు, అంతే, స్వీటు కూడా పెట్టలేదు. అందరికీ ఒకే పంక్తి. వడ్డించే పిల్లలు కుష్ఠు ఉన్నవాళ్ళ వరుస దగ్గరికి రావడానికి వెనకాడితే మన పెద్దలే గరిటెలు పట్టుకుని వడ్డించారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఈ జబ్బు ఇంకొకరికి అంటదని డాక్టర్లు ఎంత చెప్పినా ఆ భయం పోవడం లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఎప్పుడో కోర్సు పూర్తిచేసిన వాళ్ళు, జబ్బు ఎప్పుడో పోయింది, మిగిలింది వంకరపోయిన వేళ్ళు, స్పర్శ లేని పాదాలు.

శిల్పికి రూ. 5,000, చెప్పులకు రూ. 92,650, పుండ్లు కడిగి కట్టు కట్టుకునే సామానుకు రూ. 10,660. అసలు గొడవంతా ఈ మూడు పద్దుల దగ్గరే.

మొదట్లో మేము అనుకున్నది నిజంగానే విగ్రహం. నడుము దాకా అర్ధ విగ్రహం, చౌరస్తాలో. పదకొండు మంది దాతలు "విగ్రహానికి" అని రాసి మరీ రూ. 71,000 ఇచ్చారు. శిల్పికి రూ. 15,000 అడ్వాన్సు ఇచ్చి మట్టి నమూనా మొదలుపెట్టించాం. తర్వాత రెండు అడ్డంకులు వచ్చాయి. ఒకటి స్థలం. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. మిగతా ఊళ్ళల్లో పెడుతున్నారు కదా అంటారు, పెడుతున్నారు, రాత్రికి రాత్రి పెట్టి పొద్దున కేసులు మీదేసుకుంటున్నారు కూడా. మునిసిపల్ కార్పొరేషన్‌కు మేయర్‌గా చేసిన ఆవిడ విగ్రహాన్ని మునిసిపాలిటీ అనుమతి లేకుండా పెట్టడం మాకు మనస్కరించలేదు. రెండోది డబ్బు. పంచలోహానికి చెప్పిన ధర రూ. 1,80,000, దిమ్మె వేరే. ఫైబర్‌దైతే అందులో నాలుగో వంతే కానీ ఎండకు వానకు నాలుగేళ్ళలో పెచ్చులూడిపోతుంది, అట్లాంటిది ఆమె పేరు మీద నిలబెట్టలేం. శిల్పి మట్టి పని వరకు రూ. 5,000 పట్టుకుని పదివేలు వాపసు ఇచ్చాడు, ఆయన మర్యాదస్తుడు, చేసిన పనికి కూలి ఇవ్వకుండా ఎట్లా ఉంటాం. వాపసు వచ్చిన పదివేలు కూడా లెక్కలో కలిసే ఉన్నాయి.

అప్పుడు ఆ పదకొండు మందికీ ఫోన్లు చేశాం. విగ్రహం కుదరడం లేదు, ఈ డబ్బుతో కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు చేయిద్దామనుకుంటున్నాం, ఇష్టం లేకపోతే వాపసు తీసుకోండి అని స్పష్టంగా చెప్పాం. ఇద్దరు తీసుకున్నారు, తొమ్మిది మంది సరే అన్నారు. ఆ తొమ్మిది మంది ఒప్పుకున్న మెసేజ్‌లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. కాబట్టి ఎవరికీ చెప్పకుండా మళ్ళించారన్నది శుద్ధ అబద్ధం.

అసలు చెప్పులే ఎందుకు? ఇది అడిగినవాళ్ళు ఆవిడ జీవితం ఒకసారి చూడాలి. 1911లో వరంగల్ వైపు పుట్టారు. తండ్రి పింగళి వెంకట్రామారెడ్డి గారు నిజాం ప్రభుత్వంలో ఉప ప్రధానిగా చేశారు. వనపర్తి సంస్థానానికి కోడలిగా వచ్చారు. 1962లో హైదరాబాద్‌కు మొదటి మహిళా మేయర్ అయ్యారు, 1960ల్లో మన వనపర్తి నుంచే ఎమ్మెల్యేగా శాసనసభలో కూర్చున్నారు. ఆ రోజుల్లో మేయర్ పదవి ఏడాది ముచ్చటే. 1951లో మొదటి మేయర్ మాడపాటి హనుమంతరావు గారు మూడేళ్ళు ఉన్నా, ఆయన తర్వాత దాదాపు ఏడాదికొకరు మారేవాళ్ళు, ఐదేళ్ళు ఉండే మేయర్లు తర్వాతి సంగతి. ఆమె తర్వాత సరోజినీ పుల్లారెడ్డి గారు, ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా గడిచాక 2009 డిసెంబర్లో బండ కార్తీకరెడ్డి గారు, 2021లో మన పాలమూరులోని ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న గద్వాల విజయలక్ష్మి గారు. కార్తీకరెడ్డి గారు ఆ కుర్చీలో కూర్చోవడానికి కొన్ని నెలల ముందు, అదే ఏడాది ఆగస్టులో కుముదినీ దేవి గారు కన్నుమూశారు.

మేయర్ కాకముందే, 1958లో, కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం మొదలుపెట్టారు, కుష్ఠు రోగుల కోసం. అప్పటికి మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ చికిత్స లేదు, అది 1980ల్లో వచ్చింది. ఇంట్లోంచి, ఊళ్ళోంచి వెళ్ళగొట్టిన మనుషులను దగ్గరికి తీసి వైద్యం, తిండి, పని ఇచ్చిన చోటు అది, నేటికీ నడుస్తోంది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం మన దేశంలో రద్దయింది 2016లో. కుష్ఠును విడాకులకు కారణంగా చూపించడం చట్టంలోంచి పోయింది 2019లో. ఇంకో సంగతి చెబితే నమ్మరు, కుష్ఠు ఉన్నవాళ్ళు మునిసిపల్ కౌన్సిల్లో కూర్చోవడానికి అనర్హులన్న ఒడిశా చట్టాన్ని సుప్రీంకోర్టు 2008లో కూడా సమర్థించింది. అట్లాంటి దేశంలో 1962లోనే ఒక మహానగరానికి మేయర్ అయిన మనిషి అటువైపు కుష్ఠు రోగుల ఇంటిని నడిపిస్తున్నారు. మేయర్‌గిరీ పోయింది, ఎమ్మెల్యేగిరీ పోయింది, ఆ ఇల్లు మాత్రం ఉంది. మరి ఆమె పేరు మీద పోగైన డబ్బు ఆ పాదాలకు కాకపోతే ఇంకెక్కడికి పోవాలి? సభను కూడా అందుకే జనవరి 30న పెట్టుకున్నాం, గాంధీ గారి వర్ధంతి, దేశమంతా కుష్ఠు నివారణ దినం జరుపుకునే రోజు.

"దొరసానికి సభ ఏంది" అని రాసినవాళ్ళకు కూడా చెప్పాలి. సంస్థానాల కింద పాలమూరు రైతులు పడ్డ కష్టం మాకు తెలియంది కాదు, మా తాతలు కట్టిన పన్నులే అవి. ఇదే వనపర్తి నుంచి 1952లో సురవరం ప్రతాపరెడ్డి గారిని శాసనసభకు పంపుకున్నవాళ్ళం మేము. 1949లో జాగీర్లు పోయాయి, రాజావారి బంగళాలో ఇప్పుడు మన పిల్లలు పాలిటెక్నిక్ చదువుకుంటున్నారు. మేము సభ పెట్టింది సంస్థానానికి కాదు, పదవి ఉన్నా లేకున్నా ఒక పని వదలని మనిషికి.

ఇక చెప్పుల లెక్క. 77 జతలు. మామూలు సైజుల్లో 46 జతలు, జత రూ. 650 చొప్పున రూ. 29,900. పాదం కొలత తీసి ప్రత్యేకంగా చేయించినవి 31 జతలు, జత రూ. 1,850 చొప్పున రూ. 57,350. మళ్ళీ చేయించిన 6 జతలకు రూ. 900 చొప్పున రూ. 5,400. మొత్తం రూ. 92,650.

బజార్లో రెండొందలకు చెప్పులు దొరుకుతాయి కదా అని ఒక పెద్దాయన సభలోనే లేచి అడిగారు. దొరుకుతాయి సార్. కానీ స్పర్శ లేని పాదానికి ముల్లు దిగినా, రాయి కోసినా తెలియదు. నొప్పి ఉండదు కాబట్టి అదే కాలితో నడుస్తూనే ఉంటారు, పుండు ఎముక దాకా పోతుంది, చివరికి కాలే తీసేయాల్సి వస్తుంది. ఎంసీఆర్ అంటే లోపల మెత్తటి రబ్బరు, కింద గట్టి అడుగు. మేకులు కొట్టకూడదు, అరిగాక మేకు లోపలికి లేస్తే కాలికి తెలియదు, అందుకే అంటించి కుడతారు. మడమ వెనక పట్టీ ఉండాలి, లేకపోతే చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు. బకిల్ పెట్టకూడదు, వేళ్ళు వంకరపోయినవాళ్ళు బకిల్ పెట్టుకోలేరు, వెల్‌క్రో అయితే అరచేత్తో నొక్కుకుంటారు.

ఆలస్యం సరిగ్గా అక్కడే జరిగింది. ఒక్కొక్కరి పాదం కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసి, పుండు ఉన్నచోట గుండ్రంగా గుర్తు పెట్టి పంపాం. ఒక అమ్మకు ఎడమ పాదంలో బొటనవేలు ఒక్కటే మిగిలింది, కుడి పాదం మామూలు మనిషి పాదంలో సగం ఉంది, ఆమె గీత గీసిన కాగితం చూసి వర్క్‌షాప్ వాళ్ళు ఇది చిన్నపిల్లదా అని ఫోన్ చేసి అడిగారు. కట్లు ఉన్నవాళ్ళకు కట్టు మారాక మళ్ళీ కొలవాల్సి వచ్చింది. సరుకు వచ్చాక చూస్తే ఆరు జతలకు బకిళ్ళు పెట్టి పంపారు. మా ఆర్డర్ కాగితం మీద వెల్‌క్రో అని స్పష్టంగా ఉంది. వాదిస్తే సగం ఖర్చు వాళ్ళు భరించి మళ్ళీ చేసిచ్చారు, మిగతా సగమే ఆ రూ. 5,400. పూర్తిగా వాళ్ళ చేతే కట్టించాల్సింది అంటారేమో, అట్లా పట్టుబడితే సరుకు ఇంకో రెండు నెలలు అక్కడే పడి ఉండేది, ఎండాకాలం వచ్చేసింది, రోడ్డు కాలుతుంటే ఆ పాదాలకు కాలుతున్నదని కూడా తెలియదు. మేము కట్టేసి తెచ్చుకున్నాం.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది కదా అన్నది ఇంకో ప్రశ్న. ఇస్తుంది, వచ్చినవాళ్ళలో కొందరి దగ్గర ఉన్నాయి కూడా. అరిగిపోయినవాళ్ళు, సైజు సరిపోనివాళ్ళు, ఆసుపత్రి దాకా పోలేనివాళ్ళు, వీళ్ళకే మేము ఇచ్చాం.

కట్టు సామాను ఒక్కొక్కరికి రూ. 260 చొప్పున 41 మందికి ఇచ్చాం, కాళ్ళు నానబెట్టుకునే ప్లాస్టిక్ టబ్బు, వ్యాజలిన్, గాజుగుడ్డ, దూది. రోజూ నీళ్ళలో నానబెట్టి, గట్టిపడిన చర్మం మెల్లగా రుద్ది, తడి ఆరకముందే వ్యాజలిన్ రాసుకోమని సభలో నర్సమ్మ చేసి చూపించారు.

అన్నీ కలిపి ఖర్చు రూ. 2,14,790. మిగిలింది రూ. 18,654. ఇది పంచుకునే డబ్బు కాదు. రోజూ నడిచేవాళ్ళకు ఈ చెప్పులు ఏడాది కూడా రావడం కష్టం, ఆ డబ్బు మళ్ళీ చెప్పులకే.

మాట ఇచ్చి ఇంకా ఇవ్వనివాళ్ళకు ఒక విన్నపం. సభలో మైకు పట్టుకుని ప్రకటించినవి, గ్రూపులో రాసినవి కలిపితే రావాల్సింది ఇంకా రూ. 47,000 ఉంది. పేర్లు ఇక్కడ రాయడం లేదు, రాయం కూడా. కానీ ఆ మాట నమ్ముకునే మేము 31 జతలు ప్రత్యేకంగా చేయించడానికి ఒప్పుకున్నాం, టెంటు అతనికి నెల రోజులు బాకీ పెట్టాం, ఫోన్ చేస్తే ఎత్తకపోతే బాధనిపిస్తుంది. ఇవ్వలేని పరిస్థితి వస్తే ఆ మాట చెప్పండి చాలు, కొట్టేసుకుంటాం. లెక్క అడుగుతూ మెసేజ్ పెట్టినవాళ్ళలో కొందరి చందా కూడా ఆ 47,000లోనే ఉంది, ఇది కూడా తెలియాలి.

బిల్లులు, రసీదు అర్ధభాగాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే ఫైల్లో కోశాధికారి షాపులో ఉన్నాయి, ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం వచ్చి చూడండి. మీ ఊళ్ళో చెప్పులు అందనివాళ్ళు ఎవరైనా ఉంటే కాగితం మీద పాదం గీసి, ఏ కాలో రాసి, పుండు ఉంటే ఆ చోట గుర్తు పెట్టి ఆ షాపులోనే ఇవ్వండి. తర్వాతి ఆర్డర్ వానాకాలం మొదలయ్యేలోపు పంపుతున్నాం.