గోడకున్న మేకు

చిన్నీ,

రాత్రి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్న లేచాక మళ్లీ రెండుసార్లు చదివాను. రోజులన్నీ ఒకేలా గడిచిపోతున్నాయి, దేనికీ అర్థం కనిపించట్లేదు, ఉద్యోగం మానేసి ఆరు నెలలు దేశాలు తిరిగొస్తానని రాశావు. వెళ్లిరా తల్లీ. నేను అడ్డు చెప్పను, డబ్బు గురించి టెన్షన్ పడకు. కాకపోతే చాలా ఏళ్లుగా నా మనసులో ఉండిపోయిన సంగతి ఒకటి నీకు చెప్పాలి.

నీకు తొమ్మిదేళ్లప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంకి వెళ్లాం, గుర్తుందా? ఆ రోజే ఇంకో రెండు చోట్లు చూసెయ్యాలని నేను తొందరలో ఉన్నాను. నువ్వేమో వెర్మీర్ అనే పాతకాలపు డచ్ చిత్రకారుడు వేసిన ఒక చిన్న బొమ్మ దగ్గర ఆగిపోయావు. పనిమనిషి ఒకావిడ కూజాలోంచి గిన్నెలోకి పాలు పోస్తుంటుంది, అంతే. నిలువు అర మీటరు కూడా ఉండదు. నేను ఫోటో తీసుకుని ముందుకెళ్లిపోతే నువ్వు వెనక్కి పిలిచి, "నాన్నా, గోడకి మేకుంది చూడు, దాని నీడ కూడా వేశాడు" అన్నావు. సరే సరే పద అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. ఆ తర్వాత చూసిన రెండు చోట్లూ ఏవో ఇప్పుడు నాకు గుర్తే లేదు, ఆ మేకు మాత్రం మర్చిపోలేదు.

మొన్న తీరిగ్గా ఆ బొమ్మని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. గోడ మీద పాత మేకులు పీకేసిన చిల్లులు కూడా ఉన్నాయి. కిటికీలో ఒక అద్దం ముక్క పగిలి ఉంది. వెర్మీర్ 1632లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ అనే ఊళ్లో పుట్టి, 1675లో అక్కడే 43 ఏళ్లకే పోయాడు. ఆయనవని చెప్పే బొమ్మలు మొత్తం 35 దాకా ఉంటాయేమో, వాటిలో చాలావాటిలో ఒక గది, ఎడమపక్క కిటికీ, అందులోంచి పడే వెలుతురు. ప్రపంచం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి వెళ్లి చూసేది ఒకావిడ రోజూ వంటగదిలో చేసే పనిని! తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అలాగని ప్రయాణాలు దండగ అనను. డార్విన్ 1831 నుంచి 1836 దాకా ఓడలో ప్రపంచం చుట్టొచ్చాడు, అది లేకపోతే ఆయన పరిణామ సిద్ధాంతమే లేదు. కానీ 1842 నుంచి పోయేదాకా ఒక పల్లెటూళ్లోనే ఉన్నాడు. ముసలితనంలో వానపాముల్ని కుండీల్లో పెట్టుకుని, వాటికి వినిపిస్తుందో లేదోనని కొడుకు చేత బస్సూన్ అనే ఊదే వాయిద్యం వాయించి చూశాడు. ఉలకలేదు, పలకలేదు. అవే కుండీలు పియానో మీద పెట్టి ఒక్క స్వరం నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయి. దీవుల్లో పక్షుల్ని చూసిన కళ్లే ఇంట్లో ఈ కుండీనీ చూశాయి కదా.

నీకు అలాంటి కళ్లే ఉండేవి. పద పద అని నీకా అలవాటు పోగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని, అదే నా బాధ. నీ లిస్టులో 14 ఊళ్లున్నాయి, సగం కొట్టెయ్. ఉన్న చోటే ఎక్కువ రోజులుండు, వాళ్ల మాటలు నాలుగు నేర్చుకో, ఒకే వీధిలో పొద్దున్నా సాయంత్రం నడువు. బయల్దేరేలోపు ఇంకా రెండు నెలలుంది, ఈ రెండు నెలల్నీ ఖాళీ రోజులుగా లెక్కేసుకోకు.

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లేటప్పుడు ముందే చెప్పు, నేనూ వస్తాను. ఆ బొమ్మ ముందు నువ్వు ఎంతసేపు నించుంటే అంతసేపు నీ పక్కనే నించుంటాను.

నాన్న