పుట్టిన రోజే రాసిన 29

సంపాదకుల వారికి,

మా చెల్లెలి కూతురికి మూడేళ్లు. తల చిన్నది, మాటలు ఇంకా రాలేదు. చెల్లెల్ని మేనమామకే ఇచ్చాం. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని కర్ణాటకలోని చింతామణి దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ చెల్లెల్నే తప్పుపడతారు.

ఈ మధ్య బెంగళూరులో జన్యు పరీక్ష చేయిస్తే అసలు కారణం బయటపడింది. ఏఎస్‌పీఎం అనే జన్యువులో లోపం. దగ్గరి రక్తసంబంధం కావడంతో ఆ లోపం తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగి ఉండి, రెండూ బిడ్డకు వచ్చాయి. వాళ్లిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ప్రతి కాన్పులోనూ ఇలా జరిగే అవకాశం 25 శాతం.

డాక్టరమ్మ చెప్తుంటే నాకు మా నాన్న దాచే విత్తనపు గింజలు గుర్తొచ్చాయి. కడుపులో బిడ్డ మెదడును కట్టేది నాడీ మూలకణాలు. మొదట్లో ఒక్కోటి రెండుగా చీలి, రెండూ మూలకణాలుగానే ఉంటాయి. అలా బాగా పెరిగాకే న్యూరాన్లు అనే మెదడు కణాలు పుట్టాలి. పెద్దవాళ్ల మెదడులో ఉండే సుమారు 8,600 కోట్ల న్యూరాన్లకు విత్తనం అదే. కణం సరిగ్గా చీలడానికి ఈ జన్యువు కావాలి. అది చెడితే మూలకణాలు తగినన్ని పెరగకముందే న్యూరాన్లుగా మారిపోతాయి. విత్తనాలు వండుకు తింటే పంటెక్కడిది? కత్తిపీటకూ దీనికీ ఏం సంబంధం?

మేనరికాలన్నీ ఇలా అవుతాయని నేననను. ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. కానీ కర్ణాటకలో నాలుగో వంతుకు పైగా పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అలాంటి చోట పసిబిడ్డ తలను టేపుతో కొలిచి, ఆ అంకె అర్థం తల్లికి చెప్పాలి కదా. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లుంటుంది. మా పాప కార్డులో పుట్టిన రోజే పెన్నుతో 29 అని రాసి ఉంది. ఎన్ని టీకాలకు వెళ్లినా బరువు చూసి పంపారే తప్ప ఆ అంకె గురించి ఒక్కరూ నోరు విప్పలేదు.

బెంగళూరులో మెదడు, నరాల వైద్యానికి నిమ్హాన్స్ ఉంది, జన్యు లోపాలకు సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది. తాలూకా ఆసుపత్రుల నుంచి ఇలాంటి కుటుంబాలను అక్కడికి పంపే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. సరిహద్దు పల్లెల వాళ్లకు తెలుగులో చెప్పే కౌన్సెలర్లను పెట్టాలి.

చెల్లెలు మళ్లీ నెల తప్పింది. ఇంట్లో అందరికీ టెన్షనే. 11 వారాలు దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారట, డేట్ తీసుకున్నాం. ఈసారి మా అత్త కూడా వెంట వస్తానంది, డాక్టరు చెప్పేది తన చెవులతో వినాలట.

– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు