నిన్న రాత్రి కచేరీలో జరిగినదాని గురించి

కమిటీ సభ్యులందరికీ నమస్కారం. నిన్న మన వినాయక మండపం దగ్గర జరిగింది తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. గాయని రెండో చరణం అందుకోకముందే ముందు వరుసలోంచి ఈలలు, ఆమె చీర మీద వ్యాఖ్యలు. ఒకతను వేదిక అంచుకు వచ్చి ఫోను కింది నుంచి పైకి పట్టి వీడియో తీశాడు. ఆమె పాడుతూనే ఒక చేత్తో కొంగు సర్దుకుని, రెండడుగులు వెనక్కి, కీబోర్డు పక్కకు జరిగింది. శ్రుతి మాత్రం తప్పలేదు. అంతకుముందు పాడిన గాయకుడిని ఒక్కరూ ఇలా వేధించలేదు.

మనమంతా అక్కడే ఉన్నాం. 'కుర్రాళ్ల ఉత్సాహం' అని నవ్వి ఊరుకున్న పెద్దలూ ఉన్నారు. అది ఉత్సాహం కాదు. స్త్రీని అవమానించాలని అనే మాట, చేసే సైగ భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా కూడా.

కేసీ కెనాల్‌లో నిమజ్జనానికి ముందురోజు మళ్లీ కచేరీ ఉంది. వేదిక ముందు పది అడుగులు ఖాళీ వదిలి కర్రలు కట్టిద్దాం. ఎవరు హద్దు మీరినా, మన బంధువైనా సరే, పాట ఆపి బయటికి పంపుదాం. వినకపోతే 112కు ఫోను చేద్దాం. ముందు వరుస దగ్గర నేను నిలబడతాను. నాతో ఎవరు వస్తారో సాయంత్రంలోగా చెప్పండి. ఆ వీడియో మీకు వస్తే దయచేసి ఎవరికీ పంపవద్దు.