కొత్త వెర్షన్‌లో సంగీతం ఎందుకు తీసేశాం

మా సైన్స్ పాఠాల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ చూసినవాళ్లలో చాలామంది అడుగుతున్నారు: వెనక వచ్చే సంగీతం ఏమైంది, కింద అక్షరాలు ఎందుకు రావడం లేదు అని. రెండూ మేమే ఆపాం. ఎందుకో మీకు చెప్పాలి.

గుండె పాఠం చూస్తున్న ఒక పాప పక్కన కూర్చున్నాను. తెర మీద కవాటం, అంటే గుండె గదుల మధ్య ఉండే తలుపు లాంటిది, తెరుచుకుని, రక్తం పై గది కర్ణికలోంచి కింది గది జఠరికలోకి దిగుతోంది. పాప అటు చూడటమే లేదు. కింద వస్తున్న వాక్యాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. అదే వాక్యం స్పీకర్‌లోనూ వినిపిస్తోంది. పాఠం అయ్యాక "కవాటం ఎటు తెరుచుకుంది?" అని అడిగితే, "కవాటం ఎక్కడుంది?" అంది. ఆ బొమ్మ కోసం మేం ఎంతో కష్టపడ్డాం. దాని మీద నుంచి పిల్లల చూపు తప్పించింది కూడా మేమే.

శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇదే పరిశోధించారు. బొమ్మ కదులుతున్నప్పుడు వివరణ చెవికి అందితే చాలు, అదే కంటికీ పెడితే అడ్డమవుతుందని, సంబంధం లేని సంగీతం నేర్చుకోవడాన్ని తగ్గిస్తుందని ఆయన ప్రయోగాల్లో తేలింది. మేం ముందే చదవాల్సింది. హంగులు ఎంత ఎక్కువుంటే పాఠం అంత బాగుంటుందనుకున్నాం.

ఇప్పుడు భాగం పేరు వినిపించినప్పుడే ఆ ఒక్క మాట బొమ్మ పక్కన కనిపిస్తుంది. పాఠాన్ని చిన్న ముక్కలు చేశాం. పిల్లలు నొక్కితేనే తర్వాతి ముక్క మొదలవుతుంది. సంగీతం లేదు కాబట్టి ఆడియోను 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) నుంచి 48కి తగ్గించినా మాట స్పష్టంగానే ఉంది. నిమిషానికి దాదాపు 960 కేబీ పట్టేది 360కి వచ్చింది.

ఒక విషయంలో మాత్రం తొందరపడ్డాం. వినికిడి సమస్య ఉన్న పిల్లలకు కింద వచ్చే అక్షరాలే ఆధారం. వాటిని పూర్తిగా తీసేయలేదు కానీ, ఆన్ చేసే బటన్‌ను సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల పెట్టాం. అది దొరక్క తన బాబు రెండు పాఠాలు వదిలేశాడని ఒక తల్లి రాశారు. అమ్మా, క్షమించండి. వచ్చే అప్‌డేట్‌లో ఆ బటన్ ప్లే పక్కనే ఉంటుంది. ఒకసారి ఆన్ చేస్తే అన్ని పాఠాలకూ అలాగే ఉంటుంది.

రసాయనశాస్త్రం పాఠాలు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి, ఒక్కొక్కటిగా మారుస్తున్నాం. ఎక్కడైనా మీ పిల్లల చూపు బొమ్మ మీద నుంచి పక్కకు పోతుంటే, పాఠం పేరు, ఎన్నో నిమిషమో రాసి పంపండి. ముందు దాన్నే సరిచేస్తాం.