నెగెటివ్ గ్రూప్ తల్లికి ముందు ఇంజక్షన్ అందాలి

సంపాదకులు గారికి,

తల్లి రక్తం కొంచెం తీసి, కడుపులోని బిడ్డది పాజిటివ్ గ్రూపా నెగెటివ్ గ్రూపా చెప్పే పరీక్ష మంచిదే. బిడ్డ డీఎన్‌ఏ తల్లి రక్తంలో కూడా తిరుగుతుందని 1997లో తేలింది. డెన్మార్క్‌లో 2010 నుంచి, నెదర్లాండ్స్‌లో 2011 నుంచి నెగెటివ్ తల్లులందరికీ ఈ పరీక్ష చేస్తున్నారు. మన నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు మాత్రం దీనికన్నా ముందు చేయాల్సిన పని ఉంది.

తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పప్పుడు బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసి, ఆమె ఒంట్లో పాజిటివ్ రక్తకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తయారు కావచ్చు. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. కష్టమంతా తర్వాతి పాజిటివ్ బిడ్డకే. ఆ యాంటీబాడీల వల్ల బిడ్డ ఎర్రకణాలు విరిగిపోయి రక్తం తగ్గుతుంది, పుట్టగానే కామెర్లు ముదురుతాయి, కొందరు కడుపులోనే పోతారు. దీన్ని ఆపే యాంటీ-డి ఇంజక్షన్ 1968 నుంచీ ఉంది. ఏడో నెలలో, అంటే 28 వారాలకు ఒకటి, పాజిటివ్ బిడ్డ పుట్టాక 72 గంటల్లోపు ఇంకొకటి వేయాలి. అబార్షన్ అయినా డాక్టర్‌ను అడగాలి. బిడ్డే దక్కనప్పుడు ఇంజక్షన్ దేనికని ఇంట్లోవాళ్లు వదిలేస్తే నష్టపోయేది తర్వాత పుట్టబోయే బిడ్డ.

ఇక్కడ మన పద్ధతులు కూడా చూడాలి. మొదటి కాన్పు తల్లిగారింట్లోనే. రక్త పరీక్ష అత్తగారి మండలంలో, ఏడో నెల ఇంకో ఊళ్లో, కాన్పు మరో ఆస్పత్రిలో. పాలమూరు నుంచి పనులకు వలసపోయే కుటుంబాల్లోనైతే గర్భిణి వివరాలు రాసే ఎంసీపీ కార్డు కూడా వెంట ఉండదు. ఇక 72 గంటల లెక్క ఎవరు చూడాలి? గ్రూప్ నెగెటివ్ అని తేలిన రోజే ఎంసీపీ కార్డు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాయాలి. ఆశా కార్యకర్త తల్లిగారి ఊరి ఆశాకు ఫోన్ చేసి చెప్పాలి. కాన్పులు చేసే ప్రతి సర్కారు దవాఖాన ఫ్రిజ్‌లో ఈ ఇంజక్షన్ ఉండాలి. బిడ్డ గ్రూప్ చూడకుండా నెగెటివ్ తల్లిని డిశ్చార్జ్ చేయకూడదు. ఇంజక్షన్ ఖరీదైనది, బయట కొనుక్కు రమ్మంటే కూలి కుటుంబం ఎక్కడి నుంచి తెస్తుంది? గర్భిణులకు మందులు, పరీక్షలు ఉచితమని 2011 నుంచి కేంద్ర పథకమే చెబుతోంది కదా!

యూరప్‌లో నెగెటివ్ తల్లుల్లో దాదాపు 40 శాతం మందికి నెగెటివ్ బిడ్డలే కాబట్టి, ఈ పరీక్షతో వాళ్లకు అనవసరపు ఇంజక్షన్ తప్పుతుంది. దాతల ప్లాస్మాతో తయారయ్యే మందు అది, ఆదా చేయడం సబబే. మన దగ్గర నెగెటివ్ గ్రూప్ వాళ్లు నూటికి ఐదుగురు. భర్తలు ఎక్కువమంది పాజిటివ్ కాబట్టి, ఇక్కడ నెగెటివ్ తల్లుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికే నెగెటివ్ బిడ్డ ఉంటుంది. అంటే ఆదా అయ్యేది తక్కువ. ముందు భర్త గ్రూప్ చూపించండి, అది తేలికైన పని; ఆయనదీ నెగెటివ్ అయితే బిడ్డదీ నెగెటివే.

అయితే తల్లి రక్తంలో యాంటీబాడీలను వెతికే ఐసీటీ పరీక్షలో అవి ఇప్పటికే ఉన్నాయని తేలిన తల్లుల సంగతి వేరు. వాళ్లకు ఇంజక్షన్ పనిచేయదు. బిడ్డ గ్రూప్ ముందే తెలిస్తే పాజిటివ్ బిడ్డకు స్కానింగ్‌లు దగ్గర దగ్గరగా చేయొచ్చు, అవసరమైతే కడుపులో ఉండగానే రక్తం ఎక్కించొచ్చు. బిడ్డ నెగెటివ్ అయితే ఆ తల్లికి నెలల తరబడి టెన్షన్ తప్పుతుంది. అలాంటి తల్లులకు నల్గొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో శాంపిల్ తీసుకుని, సర్కారు ఖర్చుతో ఈ పరీక్ష చేయించాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ఆ డీఎన్‌ఏలోనే ఆడో మగో కూడా తెలుస్తుంది కాబట్టి, 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన ల్యాబ్‌కే శాంపిల్ పంపాలి. రిపోర్టులో గ్రూప్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నాగర్‌కర్నూల్