పాత వేణువును తొలవకండి, నకలు చేయండి

సంపాదకుల వారికి,

ఐర్లాండ్ సంప్రదాయ వాద్యమైన ఇలియన్ పైప్స్ వాదనకు 2017లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. వాయించే విద్యకు దక్కిన ఆ మన్నన, ఆ వాద్యపు పాత భాగాలకు ఇంకా పూర్తిగా దక్కలేదని డబ్లిన్‌లో ఉంటూ దానిని నేర్చుకుంటున్న తెలుగువాడిగా నా అభిప్రాయం.

ఇదీ తిత్తి వాద్యమే, కానీ మన జానపదుల తిత్తి ప్రధానంగా శ్రుతి కోసమే. ఇలియన్ పైప్స్‌లో శ్రుతి గొట్టాలకు తోడు, పాటను పలికించే చాంటర్ అనే వేణువు, మణికట్టుతో మీటలు నొక్కి తోడు స్వరాలు పలికించే రెగ్యులేటర్లు ఉంటాయి. గాలిని నోటితో ఊదరు, మోచేతి కింద కట్టుకున్న కొలిమితిత్తితో నింపుతారు.

డబ్లిన్‌లో కెన్నా, కోయిన్ వంటి పనివారు చేసిన 19వ శతాబ్దపు చాంటర్లలో చాలావాటి శ్రుతి నేటి కచేరీ శ్రుతికన్నా తక్కువ. ఈనాటి ఫిడేలుతో కలిసి వాయించాలన్న తొందరలో లోపలి రంధ్రాన్ని రీమర్‌తో వెడల్పు చేస్తే, తొలిచిన చెక్క తిరిగి రాదు. పనివాడి లెక్క కూడా దానితోపాటే పోతుంది. అసలును ముట్టుకోకుండా, దాని నకలును వాయించేవారి చేతికివ్వడమే సరైన మార్గం.

నకలు చేయడం సులువైన పని కాదు. చాంటర్ రంధ్రం పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది, కనుక సన్నని కొలత కడ్డీలను దించి, ఏ వ్యాసం ఎంత లోతున తగులుతుందో వరుసగా రాసుకోవాలి. పైగా చెక్క ఏళ్లు గడిచేకొద్దీ అన్ని దిక్కులా సమానంగా కుదించుకుపోదు కాబట్టి, గుండ్రంగా తొలిచిన రంధ్రం ఇప్పుడు కోలగా ఉంటుంది. నేటి ఆకారాన్ని దించాలా, పనివాడు తొలిచిన నాటి ఆకారాన్ని ఊహించాలా? వాయించడానికైతే రెండోదే మేలని నేను నమ్ముతాను. కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే భద్రపరచాలి. తగిన పీక (ఊపిరి తగిలి కంపించి నాదం పుట్టించే రెల్లు ముక్క) కుదరనంత వరకు నకలు మంచిచెడ్డలు తేలవు, పాత పీకలేమో అరుదుగా మిగులుతాయి. గొట్టాల చివర్లకు తొడిగే ఏనుగు దంతపు కట్లకు నేడు ప్రత్యామ్నాయం వాడటంలో తప్పేమీ లేదు, నాదానికి లోటు రాదు.

పాత వాద్యాలున్న కుటుంబాలు కొలతలు తీసుకోనివ్వాలని, చేసేవారు ప్రతి నకలుపైనా తమ పేరు, సంవత్సరం చెక్కాలని కోరుతున్నాను. లేకపోతే రాబోయే తరాలు దానినే అసలుగా పొరబడి, తప్పుడు కొలతలు తీస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, డబ్లిన్