మోత తగ్గింది ఆర్‌పీఎం పరిమితి వల్ల కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫార్ములా వన్‌లోకి వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లు మళ్లీ వస్తాయంటూ జరుగుతున్న చర్చ మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. 15,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పరిమితి పెట్టి ఇంజిన్ల గొంతు నొక్కేశారని అందులో రాశారు. ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో ఇంజిన్ రీబోరింగ్ చేస్తున్నవాణ్ని. అది తప్పని చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం.

2014లో వి6 టర్బోలతో (పొగ జోరుతో తిరిగే టర్బో బిగించిన ఆరు సిలిండర్ల ఇంజిన్లతో) పాటు ఆ పరిమితి వచ్చిన మాట నిజమే. కానీ డ్రైవర్లకు రేసులో అంతదాకా వెళ్లే పనే పడలేదు. 12,000 దరిదాపుల్లోనే గేరు మార్చేసేవారు. ఎందుకంటే అసలు తాళం పడింది ఇంధనానికి. గంటకు 100 కిలోలకు మించి పారకూడదన్నారు. 10,500 దగ్గరికి వచ్చేసరికే ఆ కోటా పూర్తయ్యేది. ఆపైన ఎంత తిప్పినా ఒక్క చుక్క ఎక్కువ వచ్చేది కాదు, రాపిడి మాత్రం పెరిగేది. పోనీ ఎగ్జాస్ట్‌లో వచ్చే మోతయినా వినిపిస్తుందా అంటే, సగం టర్బోయే మింగేస్తుంది.

అసలు పరిమితి ఎందుకు పెట్టారన్నది ఆ వ్యాసంలో లేనే లేదు. 2006లో కాస్‌వర్త్ కంపెనీ వి8 ట్రాక్ మీద 20,000 అందుకుంది. మా దగ్గరికొచ్చే లారీని 2,500 దాటించి తోలితేనే డ్రైవర్‌ని తిడతాం! 18,000 అంటే సెకనుకు 300 చుట్లు. పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి తిరగాలి కాబట్టి సెకనుకు 600 సార్లు ఆగుతుంది. ఒక్కో వాల్వు 150 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మామూలు ఉక్కు స్ప్రింగు ఆ జోరుకి తట్టుకోలేదు. అందుకే 1986లోనే రెనో స్ప్రింగులు తీసేసి, గాలి ఒత్తిడితో వాల్వులు మూసే పద్ధతి తెచ్చింది. పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్డు సంగతి ఇంకా ఘోరం. అదే ఇంజిన్‌ని 15,000 నుంచి 20,000కి లేపితే రాడ్డు మీద లాగుడు దాదాపు 1.8 రెట్లవుతుంది. చివరి వెయ్యి చుట్ల కోసం కంపెనీలు డబ్బు నీళ్లలా పోసేవి. అందుకే 2007లో 19,000 అన్నారు, 2009లో 18,000కి దించి, డ్రైవర్‌కి సీజన్ మొత్తానికి ఎనిమిది ఇంజిన్లే అన్నారు.

ఆ 18,000 రోజుల్లోనే, 2011 అక్టోబర్‌లో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్లాను. చెవుల్లో దూది పెట్టుకున్నా పక్కాయన పెదాలు కదలడమే కనిపించింది గానీ మాట వినిపించలేదు. పరిమితి ఉన్నా మోత అలా ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసుకి మా మేనల్లుణ్ని తీసుకెళ్తే, కార్లు పోయాక టైర్ల కీచు తప్ప ఏమీ మిగల్లేదు. "ఇంతేనా మామయ్యా?" అన్నాడు. నాకూ వెలితిగానే అనిపించింది. మోత కావాలనేవాళ్లతో నాకు పేచీ లేదు.

వి8 తెస్తే సంతోషమే. కాకపోతే 18,000 మించకూడదని మొదటి రోజే రూల్‌బుక్‌లో రాయాలి. లేకపోతే 2006 నాటి పందెమే మళ్లీ మొదలవుతుంది, చిన్న టీములు ఆ ఖర్చుకి తట్టుకోలేవు.

ఆ వ్యాసం రాసినవారు ఇటువైపు వస్తే మా షెడ్డుకి రమ్మనండి. ఓవర్ రెవ్వింగ్‌కి (హద్దు మీరి తిప్పడానికి) విరిగిన రాడ్డు ఒకటి బల్ల మీదే ఉంది, బిల్లులు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ